నైట్రస్ కిట్‌కి ఆర్‌పీఎం స్విచ్ ఎందుకు? వైరింగ్ ఎలా చేయాలి?

ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాసే నేను ఈసారి అరచేతిలో పట్టే ఒక చిన్న ఎలక్ట్రానిక్ డబ్బా గురించి రాస్తున్నా. దీని పేరు విండో స్విచ్. పని ఒక్కటే: ఇంజిన్ స్పీడ్ చూసి ఒక వైర్‌ని కలపడం, విడదీయడం. ఆ ఒక్క పని సరిగ్గా చేయకపోతే మాత్రం ఇంజిన్ పోతుంది.

నేను డల్లాస్‌లో ఉంటున్నా. నా రూమ్మేట్, నేను అన్నా అని పిలుస్తా, 1990 మోడల్ మస్టాంగ్ 5.0 కొన్నాడు. పాత బండి, వీ8 ఇంజిన్, మాన్యువల్ గేర్లు. దానికి సెకండ్ హ్యాండ్‌లో 100 హార్స్‌పవర్ నైట్రస్ కిట్ దొరికింది, దాంతోపాటే ఈ విండో స్విచ్ కూడా. ఎన్నిస్‌లోని టెక్సస్ మోటార్‌ప్లెక్స్ డ్రాగ్ ట్రాక్‌కి వెళ్దామని ప్లాన్. “నువ్వు ఎలక్ట్రానిక్స్ చదివావు కదరా, వైరింగ్ నీదే” అన్నాడు. అలా ఇరుక్కున్నా.

నైట్రస్ అసలు ఏం చేస్తుంది?

చాలామంది అనుకున్నట్టు నైట్రస్ ఆక్సైడ్ ఇంధనం కాదు. ఆక్సిజన్‌ని మోసుకొచ్చే గ్యాస్. గాలిలో బరువు ప్రకారం ఆక్సిజన్ 23 శాతం ఉంటే, నైట్రస్‌లో 36 శాతం ఉంటుంది. సిలిండర్ వేడికి అది విడిపోయి ఆక్సిజన్‌ని వదులుతుంది. దానికి తోడు అదనంగా పెట్రోల్ కూడా పంపితే ఎక్కువ మండుతుంది, ఎక్కువ పవర్ వస్తుంది. అన్న కొన్నది వెట్ కిట్, అంటే నైట్రస్‌కి ఒక సొలెనాయిడ్, పెట్రోల్‌కి ఒక సొలెనాయిడ్ ఉంటాయి. కరెంట్ ఇస్తే రెండూ తెరుచుకుంటాయి, తీసేస్తే మూసుకుంటాయి. మధ్యలో సగం తెరవడం లాంటిదేం లేదు.

మరి ఇంజిన్ స్పీడ్‌తో పనేంటి?

కుళాయి ఒకే ధారగా పారుతోంది అనుకోండి. దాని కింద గ్లాసులు వరసగా జరుగుతున్నాయి. గ్లాసులు వేగంగా కదిలితే ఒక్కోదాంట్లో కొంచెమే పడుతుంది, మెల్లగా కదిలితే నిండి పొంగుతుంది. నైట్రస్ కూడా అంతే. సెకనుకి ఎంత పోవాలో నిర్ణయించేది బాటిల్ ప్రెజర్, జెట్ రంధ్రం. ఇంజిన్ ఎంత స్పీడులో తిరుగుతోందో దానికి తెలీదు.

ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 50 సార్లు మండుతుంది. 1,500 దగ్గర 12.5 సార్లే. అంటే ఒక్కోసారి లోపలికి పోయే నైట్రస్ 4 రెట్లు.

టార్క్‌లో చెప్పాలంటే, 100 హార్స్‌పవర్ అంటే 5,500 ఆర్‌పీఎం దగ్గర అదనంగా సుమారు 130 న్యూటన్ మీటర్లు. 3,000 దగ్గర అది 237 అవుతుంది. 1,500 దగ్గరైతే 475! కంపెనీ లెక్క ప్రకారం ఈ మస్టాంగ్ ఇంజిన్ మొత్తం టార్కే సుమారు 407. అంటే తక్కువ స్పీడులో నైట్రస్ వదిలితే, ఇంజిన్‌కి పుట్టినప్పుడున్న బలం కంటే ఎక్కువ దాని నెత్తిన పడుతుంది. అప్పుడే పిస్టన్లు పగలడం, కనెక్టింగ్ రాడ్లు వంగడం జరిగేది. పైగా గాలి మెల్లగా కదులుతుంటే పెట్రోల్ ఇన్‌టేక్‌లోనే పేరుకుపోయి, బ్యాక్‌ఫైర్ వచ్చిందంటే ఇన్‌టేక్ పేలిపోవచ్చు.

పై వైపు కూడా ప్రమాదమే. రెవ్ లిమిటర్ తగిలితే ఇంజిన్ స్పార్క్‌నో ఇంజెక్టర్లనో ఆపేస్తుంది. నైట్రస్ మాత్రం ఆగదు. స్పార్క్ ఆగితే మండని మిశ్రమం ఎగ్జాస్ట్‌లో పేలుతుంది. ఇంజెక్టర్లు ఆగితే పెట్రోల్ తగ్గి, ఆక్సిజన్ మిగిలి, పిస్టన్ కరుగుతుంది. అందుకే లిమిటర్ కంటే కనీసం 200–300 ఆర్‌పీఎం ముందే నైట్రస్ ఆగిపోవాలి. ఈ కింది హద్దు, పై హద్దు మధ్య ఉన్నదే విండో. మేం 3,000 నుంచి 5,500 పెట్టాం.

వైరింగ్: కోడింగ్ వచ్చినవాళ్లకి ఇది ఒక ‘ఇఫ్’ కండిషన్

రెండు సొలెనాయిడ్లు కలిసి చాలా కరెంట్ లాగుతాయి. చిన్న స్విచ్‌లు దాన్ని మోయలేవు, అందుకే మధ్యలో రిలే పెడతాం. మామూలు కార్ రిలేలో 30, 87, 85, 86 అని నాలుగు కాళ్లుంటాయి.

• 30: బ్యాటరీ పాజిటివ్ నుంచి, ఫ్యూజ్ ద్వారా. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి.

• 87: ఇక్కడి నుంచి రెండు సొలెనాయిడ్లకి. వాటి రెండో వైర్ గ్రౌండ్‌కి.

• 86: తాళం తిప్పితే వచ్చే 12 వోల్టులు. అది ముందు డ్యాష్‌బోర్డ్ మీది ఆర్మ్ స్విచ్ గుండా, తర్వాత యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితేనే కలిసే మైక్రోస్విచ్ గుండా వస్తుంది.

• 85: ఆర్‌పీఎం స్విచ్ అవుట్‌పుట్. విండోలో ఉన్నంతసేపే ఇది గ్రౌండ్ ఇస్తుంది.

తాళం, ఆర్మ్, ఫుల్ యాక్సిలరేటర్, విండో. నాలుగూ నిజమైతేనే రిలే టక్‌మంటుంది. ఏ ఒక్కటి తప్పినా నైట్రస్ బంద్.

విండో స్విచ్ లేకపోతే రెండు మామూలు ఆర్‌పీఎం స్విచ్‌లతోనూ ఇదే పని అవుతుంది. ఒకటి 3,000 దాటాక కలపాలి, రెండోది 5,500 దాటాక విడదీయాలి. ఒక్కోదానికి ఒక్కో రిలే ఇచ్చి, మొదటి రిలే 87ని రెండో రిలే 30కి కలిపితే చాలు.

ఇక్కడ చాలామంది పట్టించుకోని విషయాలు మూడున్నాయి. ఒకటి, 85కి వెళ్లే వైర్ తెగితే నైట్రస్ రాదు, మంచిదే. కానీ అదే వైర్ ఒరుసుకుపోయి బాడీకి తగిలితే శాశ్వతంగా గ్రౌండ్ అయిపోతుంది, విండో స్విచ్ ఉన్నా లేనట్టే. కాబట్టి దాన్ని పొట్టిగా ఉంచి, స్లీవ్ తొడగండి. రెండు, రిలే కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ పెట్టండి, గీత ఉన్న వైపు 86కి. రిలే ఆఫ్ అయినప్పుడు వచ్చే వోల్టేజ్ స్పైక్ నుంచి అది స్విచ్‌ని కాపాడుతుంది. మూడు, టాకోమీటర్ సిగ్నల్ వైర్‌ని స్పార్క్ ప్లగ్ వైర్లకు దూరంగా లాగండి. లేదంటే స్విచ్ లేని పల్స్‌లు కూడా లెక్కేస్తుంది.

మమ్మల్ని కాపాడిన బల్బు

వైరింగ్ అయ్యేసరికి రాత్రి పదకొండు. బాటిల్ ఇంకా పెట్టలేదు. రెండు సొలెనాయిడ్ల కనెక్టర్లూ ఊడదీసి, వాటి చోట ఒక టెస్ట్ బల్బు తగిలించా. బండి న్యూట్రల్‌లో ఉంది. నేను మైక్రోస్విచ్‌ని చేత్తో నొక్కి పట్టుకున్నా, అన్న మెల్లగా రెవ్ పెంచాడు. 3,000 దగ్గర వెలగాల్సిన బల్బు 1,500కే వెలిగింది. 2,750 దగ్గర ఆరిపోయింది.

“డబ్బా పాడైనట్టుంది రా. దాన్ని బైపాస్ చేసెయ్, నేను మీటర్ చూసుకుని తొక్కుతాలే” అన్నాడు అన్న. నాకూ నిద్రొస్తోంది. ఒక్క క్షణం సరే అనబోయా. కానీ అంకెలు చూస్తే రెండూ కరెక్ట్‌గా సగం. పాడైన వస్తువు అంత కచ్చితంగా తప్పదు.

సంగతేంటంటే, ఇలా ఒకే ఇగ్నిషన్ కాయిల్ ఉన్న ఇంజిన్లలో ఒక్కో చుట్టుకి వచ్చే పల్స్‌లు సిలిండర్ల సంఖ్యలో సగం. వీ8కి 4, నాలుగు సిలిండర్ల ఇంజిన్‌కి 2. పాత ఓనర్ ఈ స్విచ్‌ని నాలుగు సిలిండర్ల కారులో వాడి, సెట్టింగ్ అలాగే వదిలేశాడు. దాంతో అది మా ఇంజిన్ స్పీడ్‌ని రెట్టింపు అనుకుంది. సెట్టింగ్ 8కి మార్చగానే బల్బు 3,000కి వెలిగింది, 5,500కి ఆరింది.

ఆ టెస్ట్ చేయకుండా ట్రాక్‌కి వెళ్లి, అన్న 1,600 దగ్గర ఫుల్లుగా తొక్కి ఉంటే? పైన చెప్పిన 475 న్యూటన్ మీటర్ల లెక్క గుర్తుంది కదా. అన్న ఏమీ మాట్లాడలేదు, లోపలికెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చాడు. ఒక్కో సిలిండర్‌కి వేరే కాయిల్ ఉన్న కొత్త బండ్లలో పల్స్ లెక్క ఇంకోలా ఉంటుంది, అక్కడ ఈ టెస్ట్ ఇంకా ముఖ్యం.

చివరగా

ఇండియాలో ఉన్నవాళ్లకి ఒక మాట. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చడం కుదరదు. కాబట్టి రోడ్డు మీద తిరిగే బండికి ఇది పెట్టకండి. ఎక్కడున్నా సరే, దీని చోటు ట్రాక్ మాత్రమే.

వైర్ రంగులు కంపెనీని బట్టి మారతాయి, మాన్యువల్ చూడకుండా ఒక్క వైర్ కూడా కలపకండి. బాటిల్ వాల్వ్ తిప్పే ముందు బల్బు టెస్ట్ తప్పకుండా చేయండి. స్క్రీన్ మీద 3,000 అని కనిపించినంత మాత్రాన అది మీ ఇంజిన్ 3,000 కాకపోవచ్చు.