ఉప్పు పిలుపుకే కొండ దిగే మిథున్

పొద్దు గూకేసరికి గొడ్డు కొట్టానికి చేరకపోతే మన రైతుకు ముద్ద దిగదు. అరుణాచల్ ప్రదేశ్ కొండ పల్లెల్లో మాత్రం ఇంట్లోకెల్లా విలువైన పశువును అడవికి వదిలేసి యజమాని నిశ్చింతగా నిద్రపోతాడు. దానికి పలుపుతాడు లేదు, కొట్టం లేదు, కుడితి తొట్టి లేదు. ఆ పశువు పేరు మిథున్.

అరుణాచల్, నాగాలాండ్, మణిపూర్, మిజోరం రాష్ట్రాల్లో ఇది కనిపిస్తుంది. మన పాపికొండల్లో తిరిగే అడవిదున్నకు దగ్గరి చుట్టం. నల్లని ఒళ్లు, మేజోళ్లు తొడిగినట్టు తెల్లని కాళ్లు, వెడల్పాటి నొసలు. అడవిదున్నంత ఎత్తూ ఉండదు, అంత బెదురూ ఉండదు.

ఉప్పే పలుపుతాడు

మిథున్‌ది సగం మచ్చిక, సగం అడవి బతుకు. ఆకులు, లేత కొమ్మలు, గడ్డి మేస్తూ కొండవాలుల్లోనే ఉంటుంది. యజమాని అప్పుడప్పుడు గుప్పెడు ఉప్పు పట్టుకెళ్లి కేక వేస్తాడు. ఆ గొంతు గుర్తుపట్టి వచ్చి అరచేతిలో ఉప్పు నాకుతుంది. అడవి మేతలో ఉప్పు తక్కువ. ఈ చెలిమికి మూలం అదే. ఎవరి పశువో తెలిసేందుకు చెవికి గాట్లు పెడతారు.

పెళ్లికీ, తగవుకీ

దీన్ని అరకకు కట్టరు. పాలు పితికే ఆనవాయితీ కూడా లేదు. మరి దేనికి పెంచుతారు? మర్యాద కోసం. ఆది, నిషి, గాలో తెగల్లో మగపెళ్లివారు ఆడపిల్ల ఇంటికి మిథున్‌లను ఇచ్చుకుంటారు. తగవుల్లో పెద్దలు వేసే జరిమానా కూడా మిథున్‌ల లెక్కనే. పండుగల్లో బలి ఇచ్చి, మాంసం ఊరందరికీ పంచుతారు. పూర్వం నాగా పల్లెల్లో మిథున్‌ను కోసి ఊరికి విందు పెట్టినవాడికే ప్రత్యేకమైన శాలువా కప్పుకునే హక్కు, ఇంటికి మిథున్ తల బొమ్మ చెక్కించుకునే హక్కు దక్కేవి. ఎంత కూడబెట్టాడన్నది ఎవరూ అడిగేవారు కారు, ఎంత పంచాడన్నదే లెక్క. అరుణాచల్, నాగాలాండ్ రెండింటికీ రాష్ట్ర జంతువు ఇదే.

అడవి తరిగితే?

2012లో దేశంలో సుమారు 2.98 లక్షలున్న మిథున్‌లు 2019 పశుగణనకు 3.86 లక్షలయ్యాయి. ఇందులో సుమారు 3.50 లక్షలు అరుణాచల్‌వే. నాగాలాండ్‌లో మాత్రం దాదాపు 35 వేల నుంచి 23 వేలకు పడిపోయాయి. అడవి తరిగినకొద్దీ పశువు చేలల్లో పడుతోంది, ఇరుగుపొరుగు మధ్య తగవు పెడుతోంది. అందుకే కొన్ని ఊళ్లవారు కలిసి కంచె కట్టి పొలాలు కాపాడుకుంటున్నారు. గాలికుంటు సోకితే మరో చిక్కు. అడవిలో తిరిగే గొడ్డును పట్టి సూది వేయడం మాటలా! ఉప్పుకు వచ్చినప్పుడే ఆ పని కావాలి.

నాగాలాండ్‌లో 1988లో మిథున్ పరిశోధన కేంద్రం ఏర్పడింది. 2023లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ మిథున్‌ను ఆహార జంతువుగా గుర్తించడంతో మాంసం అమ్మకానికి దారి తెరుచుకుంది. పెంపకందారు చేతికి నాలుగు డబ్బులు వస్తే మంచిదే. అయితే ఎన్ని డబ్బులొచ్చినా మిథున్‌కు మేత అడవే. అది ఉన్నన్నాళ్లే ఉప్పు కేకకు జవాబు వస్తుంది.