ఔట్‌బోర్డు మోటారు వారంటీ, మరమ్మతు

ఔట్‌బోర్డు మోటారు అనగా పడవ వెనుక భాగానికి బయటి వైపున బిగించే యంత్రం. ఇందులో ఇంజను, గేర్లు, ప్రొపెల్లరు ఒకే కూర్పుగా ఉంటాయి. మోటారును అటూ ఇటూ తిప్పి పడవను మళ్లిస్తారు. అవసరమైనపుడు మోటారును పడవ నుండి ఊడదీసి ఒడ్డుకు తీసుకురావచ్చును. సముద్రంలో చేపల వేటకు, నదులలో రవాణాకు, వరద సహాయక దళాలు వాడే గాలితో నింపిన రబ్బరు పడవలకు ఈ మోటార్లు విరివిగా ఉపయోగపడుతున్నాయి. ఆంధ్ర తీరంలో పలువురు మత్స్యకారులు ఫైబరు పడవలకు వీటిని అమర్చి వేటకు వెళ్తారు.

ఈ మోటారును కొనేవారికి వారంటీ, విశ్వసనీయత, నమ్మకమైన మెకానిక్కు అనే మూడు అంశాలు ముఖ్యమైనవి. ఇవి ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉంటాయి. వారంటీ అనేది కర్మాగారంలో జరిగిన లోపానికి మాత్రమే పూచీ. తీరానికి దూరంగా ఉన్నపుడు మోటారు ఆగిపోకుండా చూసేవి క్రమమైన నిర్వహణ, పని తెలిసిన మెకానిక్కు మాత్రమే. మోటారు ఆగిన పడవ గాలివాటున కొట్టుకొనిపోతుంది కనుక ఇది ఖర్చుకు మాత్రమే కాక ప్రాణరక్షణకు కూడా సంబంధించిన విషయం.

చరిత్ర

అమెరికాకు చెందిన కామెరాన్ వాటర్‌మన్ 1900 దశకంలో పెట్రోలుతో నడిచే ఔట్‌బోర్డు మోటారును తయారుచేశాడు. నార్వేలో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్ 1909లో మిల్వాకీ నగరం నుండి తన మోటార్లను విక్రయించడం మొదలుపెట్టాడు. 1939లో కార్ల్ కీకేఫర్ స్థాపించిన సంస్థ తరువాత మెర్క్యురీ పేరుతో ప్రసిద్ధి చెందింది. 1960 దశకంలో జపాను సంస్థలైన యమహా, హోండా, సుజుకీ ఈ రంగంలో ప్రవేశించాయి.

చాలా కాలం పాటు రెండు స్ట్రోకుల ఇంజన్లే అధికంగా ఉండేవి. ఇవి తేలికైనవి, మరమ్మతుకు సులువైనవి. కాని పెట్రోలుతో పాటు నూనెను కూడా మండించి ఎక్కువ పొగను వదులుతాయి. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1996లో ఉద్గార నియమాలను ప్రకటించిన తరువాత ఆ దేశంలో నాలుగు స్ట్రోకుల ఇంజన్లు, నేరుగా ఇంధనాన్ని చిమ్మే రెండు స్ట్రోకుల ఇంజన్లు పాతవాటి స్థానాన్ని ఆక్రమించాయి.

వారంటీ స్వరూపం

తయారీదారు ఇచ్చే వారంటీ పత్రం సాధారణంగా ముడిసరుకులోని లోపానికి, తయారీ పనితనంలోని లోపానికి మాత్రమే వర్తిస్తుంది. లోపం రుజువైతే ఆ భాగాన్ని ఉచితంగా బాగుచేస్తారు లేదా మారుస్తారు. ఈ క్రింది వాటికి వారంటీ సాధారణంగా వర్తించదు:

* వాడకంలో అరిగిపోయే భాగాలు: స్పార్కు ప్లగ్గులు, నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లరు, ఫిల్టర్లు, జింకు ముక్కలు
* తుప్పు, మోటారు నీటిలో మునగడం, రాయికో ఇసుక దిబ్బకో తగలడం వలన కలిగిన నష్టం
* పాడైన ఇంధనం లేదా మాన్యువల్లో చెప్పని ఇంధనం, తప్పు నూనె వాడడం వలన కలిగిన నష్టం
* సరిగా బిగించకపోవడం, నిర్వహణ చేయకపోవడం వలన వచ్చిన చెడుపు
* పడవను లాగి తెచ్చిన ఖర్చు, మోటారు రవాణా ఖర్చు, వేటకు వెళ్లలేక కోల్పోయిన ఆదాయం

చివరి అంశాన్ని కొనుగోలుదారులు తరచు గమనించరు. పాడైన భాగం ఉచితంగా వచ్చినా, అది వచ్చేవరకు పడవ ఒడ్డునే ఉంటుంది. విడిభాగాలు దగ్గరలో దొరకని మోటారుకు దీర్ఘకాలపు వారంటీ ఉన్నా ప్రయోజనం తక్కువ.

వారంటీ కాలం దేశాన్ని బట్టి, మోడలును బట్టి, వాడకాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో విహారానికి వాడే మోటార్లకు 3 నుండి 5 ఏళ్ల వారంటీ సాధారణం. అదే మోటారును వాణిజ్యానికి వాడితే ఈ కాలం బాగా తగ్గుతుంది. చేపల వేట కూడా వాణిజ్య వినియోగం క్రిందికే వస్తుంది. విహారయాత్రికుని మోటారు ఏడాదికి కొన్ని పదుల గంటలు నడిస్తే, వేటకు వాడే మోటారు అంత సేపు కొద్ది వారాలలోనే నడవడం ఇందుకు కారణం. ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించే ఏళ్ల సంఖ్య మత్స్యకారునికి వర్తిస్తుందో లేదో పత్రం చదివి తెలుసుకోవాలి.

కొన్న వెంటనే మోటారు క్రమసంఖ్యను తయారీదారు వద్ద నమోదు చేయించడం, బిల్లును భద్రపరచడం అవసరం. వేరే దేశంలో అమ్మకానికి ఉద్దేశించిన మోటారును దొడ్డిదారిన తక్కువ ధరకు కొన్నపుడు ఇక్కడి డీలరు వారంటీని అంగీకరించకపోవచ్చు. వారంటీ కింద ఒక భాగాన్ని మార్చినంత మాత్రాన మోటారు మొత్తానికి కొత్తగా వారంటీ కాలం మొదలవదు.

సంస్థ మనుగడ

వారంటీ విలువ దానిని ఇచ్చిన సంస్థ మనుగడపై ఆధారపడుతుంది. ఎవిన్‌రూడ్, జాన్సన్ మోటార్లను తయారుచేసిన అమెరికా సంస్థ ఔట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషను 1990 దశకం చివర ఫిష్ట్ అనే ఇంధన విధానంతో ఇంజన్లను విడుదల చేసింది. తొలి ఇంజన్లలో తలెత్తిన లోపాలు సంస్థ పేరును దెబ్బతీశాయి. 2000 డిసెంబరులో ఆ సంస్థ దివాలా రక్షణ కోరింది. 2001లో కెనడాకు చెందిన బొంబార్డియర్ ఆ మోటార్ల వ్యాపారాన్ని కొనుగోలు చేసింది. దాని వారసత్వ సంస్థ బి.ఆర్.పి. 2020 మేలో ఎవిన్‌రూడ్ మోటార్ల తయారీని నిలిపివేసింది. అయితే విడిభాగాల సరఫరాను కొనసాగిస్తామని, ఇచ్చిన వారంటీలకు కట్టుబడి ఉంటామని ప్రకటించింది. వంద ఏళ్లకు పైబడిన పేరు కూడా శాశ్వతం కాదనడానికి ఇది ఉదాహరణ.

భారతదేశంలో చట్టపరమైన రక్షణ

వారంటీ పత్రంతో సంబంధం లేకుండా కూడా కొనుగోలుదారునికి కొన్ని హక్కులు కలవు. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం ప్రకారం, కొనేవాడు తన అవసరాన్ని తెలిపి అమ్మేవాని నైపుణ్యంపై ఆధారపడి కొన్నపుడు, ఆ వస్తువు ఆ అవసరానికి తగినదై ఉండాలి. కనుక సముద్ర వేటకు కావాలని బిల్లు మీద రాయించుకోవడం మేలు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 (అమలు 2020 జూలై నుండి) వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారిని వినియోగదారులుగా పరిగణించదు. కాని స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి పొందడానికి మాత్రమే కొని, స్వయంగా వాడుకొనే వ్యక్తికి ఇందులో మినహాయింపు కలదు. 1986 నాటి పాత చట్టంలోని ఇటువంటి వివరణను సుప్రీం కోర్టు 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో విశదీకరించింది. తన పడవపై తానే వేటకు వెళ్లే మత్స్యకారుడు ఈ మినహాయింపును కోరవచ్చు. పలు పడవలు కొని కూలీలతో నడిపించే యజమానికి ఇది వర్తించడం కష్టం.

ఫిర్యాదును తాను నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషనులోనే, కారణం తలెత్తిన 2 ఏళ్ల లోపు దాఖలు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయ ఫోను సంఖ్య 1915. లోపాన్ని నిర్ధారించడానికి పరీక్ష అవసరమైతే కమిషను ఆ వస్తువును ప్రయోగశాలకు పంపించగలదు. అందువలన వివాదం తేలేవరకు పాడైన భాగాన్ని పారవేయరాదు, మోటారును వేరొకరి చేత విప్పించరాదు.

విశ్వసనీయతను నిర్ణయించే అంశాలు

ఏ సంస్థ మోటారు మంచిదనే చర్చ ఎంత జరిగినా, చెడిపోయే మోటార్లలో అధిక భాగం కొద్ది కారణాల వల్లనే చెడిపోతాయి.

చల్లబరిచే నీరు: మోటారు తాను తేలియాడే నీటినే పైకి తోడుకొని ఇంజనును చల్లబరుచుకుంటుంది. ఈ పని చేసేది రబ్బరు రెక్కలు గల చిన్న ఇంపెల్లరు. ఇసుక వలన రెక్కలు అరుగుతాయి. నీరు లేకుండా మోటారును నడిపితే కొద్ది సేపటికే కాలిపోతాయి. మోటారు నడిచేటపుడు ప్రక్కనుండి సన్నని నీటిధార పడుతూ ఉండాలి. ధార ఆగితే వెంటనే ఇంజనును ఆపాలి. చవకైన ఈ రబ్బరు ముక్కను సకాలంలో మార్చకపోతే ఇంజను మొత్తం బిగుసుకుపోవచ్చు.

ఇంధనం: ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది. నిల్వ ఉన్న పెట్రోలులో నీరు ఎక్కువైతే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు చేరతాయి. చాలా ఔట్‌బోర్డు మోటార్ల మాన్యువళ్లు 10 శాతం వరకే ఇథనాల్‌ను అనుమతిస్తాయి. భారతదేశంలో 2025 నాటికి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సర్వసాధారణమైంది. కనుక తన మోడలుకు ఎంత శాతం వరకు అనుమతి ఉన్నదో కొనుగోలుదారు డీలరు వద్ద రాతపూర్వకంగా తెలుసుకోవాలి. నీటిని వేరుచేసే ఫిల్టరు అమర్చుకోవడం కూడా మంచిది. కిరోసిన్‌తో నడిచే మోడళ్లు వేరుగా ఉంటాయి. వాటిని పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన తరువాత కిరోసిన్‌కు మార్చి, ఆపే ముందు తిరిగి పెట్రోలుకు మారుస్తారు. పెట్రోలు మోడలులో కిరోసిన్ పోస్తే ఇంజను దెబ్బతినడమే కాక వారంటీ కూడా పోతుంది.

ఉప్పు: సముద్రపు నీరు లోపలి దారులలో ఉప్పు పేర్చి వాటిని మూసివేస్తుంది. ప్రతి వాడకం తరువాత మంచినీటితో కడగడం దీనికి విరుగుడు. మోటారుకు బిగించిన జింకు లేదా అల్యూమినియం ముక్కలు తుప్పును తమపైకి తీసుకొని మోటారును కాపాడతాయి. ఇవి సగం వరకు కరిగితే మార్చాలి. వీటికి రంగు వేయరాదు.

ప్రొపెల్లరు: పడవ బరువుకు తగని ప్రొపెల్లరు బిగిస్తే, పూర్తి వేగంలో కూడా ఇంజను నిర్ణీత చుట్లను అందుకోలేక భారంతో మూలుగుతుంది. కాలక్రమంలో ఇది ఇంజనుకు హాని చేస్తుంది. వలల పడవకు, విహారపు పడవకు ఒకే ప్రొపెల్లరు సరిపోదు.

నిర్వహణ

కొత్త మోటారుకు మొదటి సర్వీసు సాధారణంగా 10 లేదా 20 గంటల వాడకం తరువాత, ఆపై ప్రతి 100 గంటలకు లేదా ఏడాదికి ఒకసారి చేయాలి. గేరు నూనెను మార్చేటపుడు దాని రంగును చూడాలి. నూనె పాలవలె తెల్లగా ఉంటే సీలు పాడై లోపలికి నీరు చేరినట్లు గుర్తు. ప్రతి సర్వీసు తేదీని, నడిచిన గంటలను, మార్చిన భాగాలను ఒక పుస్తకంలో రాసి, బిల్లులను దానితో ఉంచాలి. వారంటీ కోరినపుడు నిర్వహణ జరిగిందనడానికి ఇదే సాక్ష్యం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం అమలవుతుంది. ఈ కాలంలో మోటారును కడిగి, పాత ఇంధనాన్ని తీసివేసి, సిలిండర్లలో రక్షక నూనె చిమ్మి, నిటారుగా నిలిపి ఉంచాలి. పెద్ద మరమ్మతులకు కూడా ఇదే అనువైన సమయం. నిషేధం ముగిసే వారంలో మెకానిక్కుల వద్ద రద్దీ ఎక్కువగా ఉంటుంది కనుక ముందుగానే పని అప్పగించడం మంచిది.

మోటారు ఎంత మంచిదైనా పడవలో తెడ్లు, అదనపు స్పార్కు ప్లగ్గులు, స్టార్టరు తాడు, ప్లగ్గు తీసే పనిముట్టు ఉండాలి.

మెకానిక్కు ఎంపిక

మోటారు కొనక ముందే, అది పాడైతే ఎవరు బాగుచేస్తారో తెలుసుకోవాలి. తీరంలో ఎక్కువ మంది వాడుతున్న మోడలుకు విడిభాగాలు, పనివారు సులభంగా దొరుకుతారు. మంచి మెకానిక్కును గుర్తించడానికి ఈ క్రింది లక్షణాలు తోడ్పడతాయి:

* భాగాలు మార్చే ముందు లోపాన్ని పరీక్షించి కనుగొంటాడు. సిలిండర్లలో కంప్రెషను, స్పార్కు, ఇంధన ప్రవాహం వరుసగా చూస్తాడు.
* పని మొదలుపెట్టే ముందు అంచనా ఖర్చు చెబుతాడు. అది పెరిగేటట్లయితే యజమానిని అడిగిన తరువాతనే ముందుకు వెళ్తాడు.
* మార్చిన పాత భాగాలను తిరిగి ఇస్తాడు. కొత్తవి అసలైనవో, వేరే తయారీవో దాచకుండా చెబుతాడు.
* ఆ మోడలు సర్వీసు మాన్యువల్, నిర్ణీత బిగువుతో బోల్టులు బిగించే పనిముట్టు ఉంచుకుంటాడు.
* మరమ్మతు తరువాత మోటారును నీటిలో, బరువుతో నడిపి చూపిస్తాడు.
* తనకు తెలియని పనిని తెలియదని చెప్పి, తెలిసినవారి వద్దకు పంపిస్తాడు.

మొదటిసారి పెద్ద పని అప్పగించకుండా, సాధారణ సర్వీసు చేయించి పనితీరు చూడడం వివేకం. అదే మోడలు వాడే ఇతర పడవల యజమానుల మాట ప్రకటనల కంటే విలువైనది. అందరికంటే తక్కువ ధర చెప్పేవాడు, చూడకుండానే ఇంజను మొత్తం విప్పాలనేవాడు సందేహించదగినవారు.

వారంటీ కాలంలో బయటి మెకానిక్కు వద్దకు వెళ్లవచ్చునా అన్నది మరొక ప్రశ్న. అమెరికాలో 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం, ఉచితంగా ఇస్తే తప్ప తమ సంస్థ విడిభాగాలు లేదా సేవలే వాడాలని తయారీదారు వారంటీకి షరతు పెట్టడం సాధారణంగా చెల్లదు. భారతదేశంలో ఉన్నవారు వారంటీ పత్రంలోని షరతులను ముందుగా చదివి, ఆ కాలంలో పెద్ద మరమ్మతులను అధీకృత డీలరు వద్దనే చేయించుకోవడం సురక్షితం.

శిక్షణ సంస్థలు

కొచ్చి కేంద్రంగా పనిచేసే కేంద్ర మత్స్య నౌకా, ఇంజనీరింగు శిక్షణ సంస్థకు చెన్నై, విశాఖపట్నంలలో శాఖలు కలవు. ఇక్కడ మెరైన్ ఫిట్టరు కోర్సు నిర్వహిస్తారు. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉన్నది. కేరళలో మత్స్యకార సహకార సంఘాల సమాఖ్య మత్స్యఫెడ్ ఔట్‌బోర్డు మోటార్లు, విడిభాగాల విక్రయంతో పాటు మరమ్మతు కేంద్రాలను కూడా నిర్వహిస్తుంది. అమెరికాలో పడవల మెకానిక్కులకు అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ పరీక్షలు జరిపి ధ్రువపత్రాలు ఇస్తుంది.

పాత మోటారు కొనుగోలు

పాత మోటారు కొనేటపుడు క్రమసంఖ్య చెరిగిపోలేదని నిర్ధారించుకోవాలి. అన్ని సిలిండర్లలోను కంప్రెషను దాదాపు సమానంగా ఉండాలి. గేరు నూనె చూడాలి. చల్లగా ఉన్న ఇంజనును తమ ఎదుటనే మొదలుపెట్టించాలి; ముందే వేడిచేసి ఉంచిన ఇంజనులో లోపాలు బయటపడకపోవచ్చు. ఇటీవలి మోటార్లలోని కంప్యూటరు ఎన్ని గంటలు, ఏ వేగంలో నడిచిందో నమోదు చేస్తుంది. డీలరు వద్ద ఆ వివరాలను తీయించవచ్చు. మిగిలిన వారంటీ కొత్త యజమానికి బదిలీ అవుతుందో లేదో పత్రంలో చూసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* పడవ
* అంతర్దహన యంత్రం
* మత్స్య పరిశ్రమ
* వినియోగదారుల రక్షణ చట్టం