పటములో లేని దేశము — పారిస్ పీఠముపై దాని పలుకు

1840 డిసెంబరు 22వ తేదీ. పారిస్ నగరములోని కొలేజ్ ద ఫ్రాన్స్ విద్యాపీఠమున ఒక ఉపన్యాసశాల జనముతో నిండియుండెను. వచ్చినవారిలో పెక్కురు స్వదేశమును కోల్పోయి ఫ్రాన్సులో తలదాచుకొనుచున్న పోలిష్ ప్రవాసులు. వేదిక నెక్కినవాడు వారి మహాకవి ఆడం మిత్స్కెవిచ్. మరి రెండు దినములు గడచినచో ఆయనకు నలువదిరెండేండ్లు నిండును. నూతనముగా స్థాపింపబడిన స్లావ్ సాహిత్యపీఠమునకు ఆయనయే తొలి ఆచార్యుడు. ఆనాడు ఆయన మాటాడవలసినది మాతృభాషలో గాదు, ఫ్రెంచిభాషలో. చెప్పవలసిన విషయములలో ఆయన హృదయమునకు మిక్కిలి చేరువైనది, ఐరోపా పటములో నాటికి లేని ఒక దేశమును గూర్చినది.

పోలండు దేశమును 1772లోను, 1795లోను రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా రాజ్యములు, 1793లో రష్యా, ప్రష్యా రాజ్యములు మాత్రమే, ఇట్లు మూడు విడతలుగా పంచుకొనెను. మూడవ విడతతో ఆ రాజ్యము పేరు పటమునుండి తుడిచిపెట్టుకొనిపోయెను. 1830 నవంబరులో వార్సా నగరమున తిరుగుబాటు చెలరేగెను. మరుసటి సంవత్సరము రష్యా సైన్యము దానిని అణచివేసెను. వేలకొలది సైనికులు, కవులు, విద్యావంతులు దేశము విడిచిరి. వారిలో ఎక్కువమందికి ఫ్రాన్సు ఆశ్రయమిచ్చెను. రాజ్యము పోయినప్పుడు నాణెము పోవును, ముద్ర పోవును, సైన్యము పోవును. భాషయు, పాటయు, పూర్వుల కథయు మాత్రము మిగులును. అవియైనను చెప్పువాడు, వినువాడు ఉన్నంతకాలమే మిగులును. ఈ సత్యమును ప్రవాసులు చక్కగా గ్రహించిరి. 1838లో వారు పారిస్‌లో పోలిష్ గ్రంథాలయమును స్థాపించిరి. సెన్ నది నడుమనున్న సెంట్ లూయీ ద్వీపములో అది నేటికిని నిలిచియున్నది.

మిత్స్కెవిచ్ నేడు బేలరూస్‌లో చేరిన నొవొగ్రుడెక్ ప్రాంతమున 1798లో జన్మించెను. విల్నా విశ్వవిద్యాలయమున చదివి, కౌనస్ పట్టణములో బడిపంతులుగా పనిచేసెను. విద్యార్థిదశలో మిత్రులతో గూడి నడపిన రహస్యసంఘము కారణముగా 1823లో చెరసాల పాలయ్యెను; మరుసటి యేట రష్యాకు పంపబడెను. అచ్చట పుష్కిన్ కవితో పరిచయము కలిగెను. 1829లో రష్యా విడిచిన పిమ్మట ఆయన తిరిగి జన్మభూమిని చూడలేదు. పోలిష్ జాతి తన జాతీయ మహాకావ్యముగా తలదాల్చు ‘పాన్ తదేఉష్’ 1834లో పారిస్‌లోనే అచ్చయ్యెను. వార్సా నగరమునందుగాని, ప్రాచీన రాజధానియైన క్రాకో నగరమునందుగాని ఆ మహాకవి జీవితములో ఒక్కనాడును అడుగిడి యెరుగడు.

పారిస్ పిలుపు వచ్చునాటికి ఆయన స్విట్జర్లండులోని లొజాన్ పట్టణమున లాటిన్ సాహిత్యము బోధించుచుండెను. అది గౌరవప్రదమైన కొలువు. శిష్యులును ఆయనను ప్రేమించిరి. ఇంటిలో చాలినంత ధనము లేదు. భార్యకు మనోవ్యాధి. అయినను ఫ్రెంచి విద్యామంత్రి విక్టర్ కూజా పూనికతో స్లావ్ సాహిత్యమునకు పీఠ మేర్పడినప్పుడు, ఆ నెమ్మదియైన జీవితమును వదలి ఆయన పారిస్ చేరెను. స్వజాతి సాహిత్యమును గూర్చి ఐరోపా వినునట్లు చెప్పు అవకాశము మరల రాదని ఆయన తలచియుండవచ్చును.

ఆ విద్యాపీఠము సామాన్యమైనది కాదు. 1530లో ఫ్రాన్సువా రాజు దానిని నెలకొల్పెను. అచ్చట పరీక్షలు లేవు, పట్టములు లేవు, రుసుము లేదు. తలుపు తెరచియుండును, ఎవరైనను వచ్చి వినవచ్చును. ఐరోపాలో సంస్కృతమునకు తొలి ఆచార్యపీఠము వెలసినది కూడ అక్కడనే, 1814లో. మిత్స్కెవిచ్ ఉపన్యసించుచున్న కాలమున అదే ప్రాంగణములో యూజెన్ బుర్నూఫ్ పండితుడు సంస్కృతము బోధించుచుండెను. పరపాలనము క్రింద నలిగిన జాతుల వాఙ్మయములు రెండును పరదేశపు విద్యాలయమున పక్కపక్కనే గౌరవమందుట భారతీయులకు చదువదగిన ముచ్చట.

తొలి ఉపన్యాసములోనే ఆయన తన యిబ్బందిని దాచక చెప్పెను. పరాయి భాషలో మాటాడువాడు ప్రతి వాక్యమునకును తడబడుచు, తన తలపును ఇతరుల మాటలలోనికి మార్చుకొనవలసియుండును. ఆయన వ్రాసుకొని వచ్చి చదువువాడు కాడు. కొలది గుర్తులతో నిలువబడి, ఆలోచన నడచినట్లు పలుకును. లఘులేఖకులు ఆ మాటలను వ్రాసికొనిరి. అవి నేడు గ్రంథరూపమున లభించుచున్నవన్న, అది వారి శ్రమఫలమే.

ఆయన చెప్పినది పోలిష్ సాహిత్యము మాత్రమే కాదు. సెర్బుల జానపద వీరగాథలు, చెక్కుల చరిత్ర, రష్యను కవిత్వము, అన్నియు ఆయన ప్రసంగములో చోటు చేసికొనెను. ఈ విషయమున ఒక చిక్కు కలదు. శ్రోతలలో పెక్కురు రష్యా చేత ఇల్లు వాకిలి పోగొట్టుకొన్నవారు. తమ కవి రష్యను కవులను ఔదార్యముతో ప్రస్తావించుట వారిలో కొందరికి రుచింపలేదు. కాని ఆయన జారుచక్రవర్తి పాలనను, పుష్కిన్ కవిత్వమును ఒకటిగా ముడివేయలేదు. 1837లో పుష్కిన్ మరణించినప్పుడు ఫ్రెంచి పత్రికలో నివాళి వ్రాసినవాడును ఆయనయే. పగవాని దేశములోని కవిని కవిగా గుర్తింపగలుగుట అధ్యాపకునకు తగిన ధర్మము. ఆ ధర్మమును పాటించినందుననే ఆయన పోలండును గూర్చి చెప్పిన మాటను ఫ్రెంచివారు నమ్మిరి.

సంగీతకారుడు షోపాన్, రచయిత్రి జార్జ్ సాండ్ ఆ శాలకు వచ్చిరి. చరిత్రకారుడు మిషెలే, రచయిత ఎడ్గార్ కినే అదే విద్యాపీఠమున ఆయనకు సహాధ్యాపకులై, స్నేహితులైరి. ఈ మువ్వురి ముఖములను చెక్కిన పతకమొకటి వారి అభిమానులు పోతపోయించిరి.

అయినను కథ అంతటితో సుఖాంతము కాలేదు. 1841లో ఆంజెయ్ తోవ్యాన్‌స్కీ అను మతబోధకుడు పారిస్ వచ్చెను. తన భార్యకు స్వస్థత కలిగించినది అతడేయని నమ్మి, కవి అతని కనుచరుడయ్యెను. క్రమముగా సాహిత్యచరిత్ర వెనుకకు జరిగి, ప్రవచనము ముందునకు వచ్చెను. నెపోలియన్ పూజ, రానున్న నూతన యుగము, పోలండు జాతి పాలిటి దైవకార్యము, ఇవియే నాలుగవ సంవత్సరపు ఉపన్యాసములకు విషయములయ్యెను. కడపటి దినములలో నెపోలియన్ చిత్రపటములు కూడ శ్రోతలకు పంచబడెను. ప్రభుత్వము కలవరపడెను. 1844 మే 28వ తేదీ ఉపన్యాసమే ఆయనకు ఆ వేదికపై చివరిదయ్యెను. 1852లో మిషెలే, కినేలతో పాటు ఆయన పదవి అధికారికముగ తొలగింపబడెను. 1855లో ఆయన ఇస్తాంబుల్‌లో కన్నుమూసెను. 1890లో ఆయన అవశేషములు క్రాకోలోని వావెల్ దేవాలయమునకు, రాజుల సమాధుల చెంతకు చేరెను. బ్రతికి చూడని నగరమునకు కవి ఆ విధముగా వచ్చెను.

అరువదియేండ్లు గడచెను. పోలండు ఇంకను పటములో లేదు. కొలేజ్ ద ఫ్రాన్స్‌కు పొరుగుననే సోర్బాన్ విశ్వవిద్యాలయమున్నది. 1906 నవంబరు 5వ తేదీన అచ్చటి ఉపన్యాసశాల మరల నిండెను. పండితులు, పత్రికలవారు, వేడుక చూడవచ్చినవారు క్రిక్కిరిసిరి. నల్లని దుస్తులతో వేదిక ముందునకు వచ్చినది మరియా స్క్లొడోవ్‌స్కా, అనగా లోకమెరిగిన మేరీ క్యూరీ. ఆ సంవత్సరము ఏప్రిల్ 19వ తేదీన భర్త పియేర్ క్యూరీ వీధిలో బండి క్రిందపడి మరణించెను. ఆయన స్థానమున బోధించుటకు ఆమె నియమింపబడెను. సోర్బాన్‌లో బోధించిన తొలి మహిళ ఆమెయే.

వినవచ్చినవారు కన్నీటి మాటలకై యెదురుచూచిరి. ఆమె భర్త పేరుతో ప్రశంస చేయలేదు. తన దుఃఖమును చెప్పుకొనలేదు. పియేర్ తన పాఠమును ఎచ్చట ఆపెనో, అచ్చటినుండి ప్రారంభించి, పాఠము ముగించి, వచ్చినంత నిశ్శబ్దముగా వెడలిపోయెను.

పోలండు పేరు కూడ ఆమె ఆనాడు ఎత్తలేదు. ఎత్తవలసిన పని లేదు. 1898లో దంపతులు కనుగొన్న నూతన మూలకమునకు ‘పొలోనియం’ అని పేరిడి, ఏ రాజ్యమును తుడువజాలని తావున ఆమె తన దేశమును వ్రాసియుంచెను. యౌవనమున వార్సాలో రష్యను పాలకుల కన్నుగప్పి, ఇల్లిల్లు మారుచు నడచిన ‘ఎగిరెడు విశ్వవిద్యాలయము’లో ఆమె చదివెను. పల్లెలో ఉపాధ్యాయినిగా నున్నప్పుడు రైతుల బిడ్డలకు రహస్యముగ పోలిష్ అక్షరములు నేర్పెను. అట్టి పాఠము పట్టుబడినచో శిక్ష తప్పదని తెలిసియే నేర్పెను. 1918లో పోలండు మరల స్వతంత్రమయ్యెను. 1932లో వార్సాలో రేడియం పరిశోధనాలయము తెరచినప్పుడు ఆమె స్వయముగా హాజరయ్యెను.

ఒకరు స్వదేశమును గూర్చియే మాటాడిరి. రెండవవారు మాటాడక స్మరింపజేసిరి. కవి తన విషయమునకు కట్టుబడి యున్నంతకాలము ఆయన వేదిక పోలండునకు విశాలమైన గవాక్షమై వెలిగెను. విషయమును విడిచి ప్రవక్తయైన నాడు ఆ వేదిక చేజారెను. అయినను ఆయనను తప్పుపట్టి తప్పించుకొనుట న్యాయము కాదు. దేశము పోగొట్టుకొన్నవానికి ఓర్పు ఎంతకాలము నిలుచును? నాలుగు సంవత్సరములు ఐరోపా పండితులముందు ఒక నిషిద్ధజాతి పాటను వినిపించినవాడు, ఆ పాటలో తన కంఠము పగిలిపోవుటనే మనకు చూపెను.

ఉపాధ్యాయులు, విద్యార్థులు ఈ రెండు దృశ్యములను మనసున నిలుపుకొనదగును. తరగతిగదిలో నల్లబల్లముందు నిలిచినవాడు తన పాఠమునే చెప్పుచుండును. కాని ఆ పాఠమును ఎంత నిజాయితీతో చెప్పినాడన్నదానిబట్టి, దాని వెనుకనున్న జాతి విలువ విద్యార్థి మనసున నిలుచును. పాఠము మధ్యలో ఆగిపోయినచో, దానిని ఆగినచోటనే అందుకొను మరొక గొంతు కావలెను. పోలండునకు అట్టి గొంతులు దొరకినవి. అందుచేతనే పటములో నూట ఇరువదిమూడేండ్లు లేని ఆ దేశము, తిరిగి వచ్చునాటికి తన మాటను మరచిపోయి యుండలేదు.