గడియారంతో తూకం

కూరగాయల బండి దగ్గర త్రాసు ఉంటుంది. మరి నక్షత్రాన్ని తూచడం ఎలా? దానికో జంట తార ఉండాలి. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి ఎంత దూరంలో, ఎంతసేపట్లో తిరుగుతున్నాయో తెలిస్తే బరువు లెక్క కట్టవచ్చు.

న్యూట్రాన్ తార అంటే పెద్ద నక్షత్రం పేలిపోయాక మిగిలే గర్భం. సూర్యుడికన్నా ఎక్కువ పదార్థం సుమారు పాతిక కిలోమీటర్ల బంతిలో కుక్కి ఉంటుంది. వీటిలో కొన్ని గిర్రున తిరుగుతూ, లైట్‌హౌస్‌లాగా మనవైపు రేడియో తరంగాలు విసురుతాయి. అవే పల్సార్లు.

1974లో రసెల్ హల్స్, జోసెఫ్ టేలర్ ప్యూర్టోరికోలోని అరెసిబో టెలిస్కోపుతో ఒక పల్సార్‌ని పట్టుకున్నారు. సెకనుకి 17 సార్లు కొట్టుకునే దాని టిక్కులు 7 గంటల 45 నిమిషాలకోసారి దగ్గరవుతూ, దూరమవుతూ వచ్చాయి. దగ్గరకొచ్చే రైలు కూత మారినట్టే. అంటే పక్కన ఇంకో తార ఉందన్నమాట!

ఇక్కడే చిక్కు. రెండు బరువులు, కక్ష్య వాలు: తెలియనివి మూడు, సమీకరణం ఒక్కటే. మిగతా రెండూ ఐన్‌స్టీన్ ఇచ్చాడు. కక్ష్య ఏడాదికి 4.2 డిగ్రీలు మళ్ళుతోంది. దాన్నిబట్టి మొత్తం బరువు తేలింది. జంట తారకి దగ్గరైనప్పుడు పల్సార్ గడియారం మందగిస్తుంది. దాన్నిబట్టి వాటాలు తేలాయి. సూర్యుడి బరువు 1 అనుకుంటే ఒకటి 1.44, రెండోది 1.39. ఈ పల్సార్‌ని కనిపెట్టినందుకు వారికి 1993లో నోబెల్ వచ్చింది.

2010లో పాల్ డెమొరెస్ట్ బృందం పశ్చిమ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్ టెలిస్కోపుతో జె1614-2230 అనే పల్సార్‌ని తూచింది. దాని జంట ఒక శ్వేత కుబ్జతార. కక్ష్య మనకి దాదాపు అంచువైపు కనిపిస్తుంది కాబట్టి, టిక్కులు శ్వేత కుబ్జం పక్కనుంచి వచ్చేటప్పుడు దాని గురుత్వంవల్ల కొన్ని పదుల మైక్రోసెకన్లు ఆలస్యమవుతాయి. ఈ సంగతి 1964లోనే ఇర్విన్ షపీరో చెప్పాడు. ఆలస్యం ఎంతో, ఎలా పెరిగి తగ్గుతుందో చూస్తే జంట బరువూ, కక్ష్య వాలూ దొరుకుతాయి. పల్సార్ బరువు 1.97 అని తేలింది (తరవాతి కొలతల్లో 1.91).

ఈ ఒక్క అంకెతో ఎన్నో సిద్ధాంతాలు మూలపడ్డాయి. తార గర్భంలో పదార్థం మరీ మెత్తనిదైతే ఇంత బరువుని మొయ్యలేదు, కృష్ణబిలంగా కూలిపోవాలి. 2021లో జె0740+6620 బరువు 2.08 అని లెక్కతేలింది, అటూ ఇటూ 0.07 తేడాతో. గరిష్ఠ పరిమితి 2కీ 3కీ మధ్య ఎక్కడో ఉంది.

మనం సర్వర్ లాగుల్లో మైక్రోసెకన్ల తేడాలు చూసినా పట్టించుకోం. వీళ్ళకి జవాబు అందులోనే దొరికింది. వాషింగ్టన్ వైపు ఉండేవాళ్ళు వారాంతంలో గ్రీన్ బ్యాంక్ వెళ్ళి రావచ్చు. ఆ చుట్టుపక్కల సెల్‌ఫోన్లు పనిచెయ్యవు, దారి ముందే ప్రింటు తీసుకోండి!