మనవడిని ఎత్తుకునే ముందు: టీడాప్ ఎవరికి, ఎప్పుడు?

బారసాలకో అన్నప్రాశనకో హాలు బుక్ చేసుకోవడానికి ఫోన్ చేసేవాళ్ళు మా వాలంటీర్లను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "డెలివరీకి సాయంగా ఇండియా నుంచి అమ్మావాళ్ళు వస్తున్నారు. డాక్టరు వాళ్ళని టీడాప్ వేయించుకోమంటున్నారు. వాళ్ళేమో ఆ మధ్యే టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాం కదా అంటున్నారు. సరిపోతుందా?"

సరిపోదు. టీటీ ధనుర్వాతానికి మాత్రమే. టీడాప్‌లో ధనుర్వాతంతో పాటు డిఫ్తీరియాకు, కోరింత దగ్గుకు కూడా మందు ఉంటుంది. పసిబిడ్డ ఉన్న ఇంటికి కావలసింది ఈ మూడోదే. ఇండియాలో ఇప్పుడు గర్భిణులకు ఇచ్చే టీడీలో కూడా కోరింత దగ్గు భాగం లేదు. పేర్లు ఒకేలా వినిపిస్తాయి కాబట్టి అందరూ ఇక్కడే తికమక పడతారు.

పెద్దవాళ్ళకు కోరింత దగ్గు వస్తే ఒక్కోసారి వదలని జలుబులాగే ఉంటుంది. నెలల పసికందుకు అలా కాదు. కొందరు పిల్లలకు దగ్గే రాదు, ఊపిరి మధ్యలో ఆగిపోతుంది. ఏడాదిలోపు పిల్లలకు ఈ జబ్బు వస్తే ముగ్గురిలో ఒకరిని ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తోంది. 2024లో అమెరికాలో 35 వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. బిడ్డకు తన మొదటి డోసు పడేది రెండో నెలలో. అప్పటిదాకా రక్షణ చుట్టూ ఉన్నవాళ్ళ నుంచే రావాలి.

అందులో ముఖ్యమైనది తల్లి వేయించుకునే డోసు. 27 నుంచి 36 వారాల మధ్య, వీలైతే ఆ గడువు మొదట్లోనే. తల్లి ఒంట్లో తయారైన యాంటీబాడీలు పుట్టకముందే బిడ్డకు చేరతాయి. రెండు నెలల లోపు పిల్లల్లో కోరింత దగ్గు ముప్పు దీనివల్ల 78 శాతం తగ్గుతుందని సీడీసీ చెబుతోంది. మొదటి కాన్పుకు వేయించుకున్నాం కదా, రెండేళ్ళే అయింది కదా అనుకోవద్దు. యాంటీబాడీలు త్వరగా తగ్గిపోతాయి కాబట్టి ప్రతి గర్భానికీ మళ్ళీ వేయించుకోవాలి.

ఇక అమ్మమ్మ, నాయనమ్మ, తాతయ్యల సంగతి. బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందు టీడాప్ పడాలి, ఒంట్లో రక్షణ తయారవడానికి అంత సమయం కావాలి. డ్యూ డేట్ మార్చి 20 అనుకుంటే మార్చి 6 అని లెక్క వేస్తాం. కానీ బిడ్డలు క్యాలెండర్ చూసుకుని రారు, మా ప్రాజెక్టు డెడ్‌లైన్లకన్నా అధ్వాన్నం. అందుకని ఇంకో మూడు వారాలు ముందుకు జరిపి, ఫిబ్రవరి మధ్యలోనే పూర్తి చేసుకోవడం మంచిది. మా ఉద్దేశంలో విమానం ఎక్కకముందే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్రైవేటు ఆసుపత్రిలో వేయించుకోవడం తేలిక. అక్కడ "టీటీ కాదు, టీడాప్" అని గట్టిగా చెప్పాలి. బూస్ట్రిక్స్, ఆడాసెల్ అనే పేర్లతో దొరుకుతుంది. మందు పేరు, తేదీ రాయించుకుని ఆ కాగితాన్ని పాస్‌పోర్టుతో పాటు పెట్టుకోమనండి.

ఇక్కడికి వచ్చాక అయితే ఫార్మసీలో వేస్తారు. విజిటర్ ఇన్సూరెన్స్ మామూలుగా టీకాలకు డబ్బివ్వదు కాబట్టి ధర ముందే కనుక్కోండి, కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో కూడా అడిగి చూడండి. ఇండియాలో అందరు పిల్లలకూ టీకాల కార్యక్రమం 1978లో గాని మొదలు కాలేదు. అంతకుముందు పుట్టిన మన పెద్దల్లో చాలామందికి చిన్నప్పుడు ఏ డోసూ పడి ఉండకపోవచ్చు. అలాంటివారికి మొత్తం మూడు డోసులు: మొదట టీడాప్, కనీసం నాలుగు వారాలకు రెండోది, ఆ తర్వాత 6 నుంచి 12 నెలలకు మూడోది. ఆ రెండూ టీడీ అయినా టీడాప్ అయినా పరవాలేదు.

నాన్నలను మరిచిపోతుంటారు. ఇండియాలో పెరిగినవారికి చిన్నప్పటి డీపీటీ పడి ఉన్నా, ఆ రక్షణ ఎప్పుడో తగ్గిపోయి ఉంటుంది. గ్రీన్‌కార్డు మెడికల్‌లో టీడాప్ వేసి ఉండవచ్చు, ఆ కాపీ వెతకండి. పెద్దలకు మామూలు బూస్టరు పదేళ్ళకోసారి. ఇక్కడ పెరిగే అన్నయ్యలకు, అక్కయ్యలకు 4-6 ఏళ్ళ మధ్య డీటాప్, 11-12 ఏళ్ళకు టీడాప్ పడ్డాయో లేదో చూడండి.

టీడాప్ వేయించుకున్నంత మాత్రాన దగ్గుతూ బిడ్డను ఎత్తుకోవచ్చని కాదు. మొదటి ఏడాది పదిమందిలో ఏడుగురికి పూర్తి రక్షణ ఇచ్చే ఈ టీకా నాలుగేళ్ళయ్యేసరికి ముగ్గురు నలుగురికే ఇస్తుంది. పదకొండో రోజునో ఇరవై ఒకటో రోజునో బారసాల చేస్తే ఇంట్లోవాళ్ళతో చేసుకుని, గుడికి రెండో నెల టీకా అయ్యాక తీసుకురండి. బిడ్డను ఒళ్ళోంచి ఒళ్ళోకి అందించకుండా, అక్షింతలు కాస్త దూరం నుంచే వేయమని వచ్చినవాళ్ళకు చెప్పడానికి మొహమాటపడొద్దు. అది మీ నోట రాకపోతే మా వాలంటీర్లు చెబుతారు.

మేము డాక్టర్లం కాము. గతంలో ఇలాంటి టీకాకు తీవ్రమైన అలర్జీ వచ్చినవారు, గిలాన్-బారే జబ్బు వచ్చినవారు సూది వేయించుకోకముందే డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.