ఆఫ్రికా చిత్రములకు ఇందూరు తూనిక

చలనచిత్రోత్సవమునకు పోయి వచ్చిన మిత్రులను ఏమేమి చూచితిరని అడిగినచో, ఇరాను చిత్రములను గూర్చియు కొరియా చిత్రములను గూర్చియు గంటలకొలది ముచ్చటించువారు సైతము, ఆఫ్రికా పేరెత్తగనే ‘మంచివే గాని మందకొడిగ సాగును’ అని ఒక్క మాటతో ముగించుట పరిపాటియైనది. 1986లో హైదరాబాదున ఫిల్మోత్సవ్ జరిగినది; తిరువనంతపురమునను, 2004 నుండి గోవాలోను ఏటేట ఉత్సవములు జరుగుచున్నవి. చిత్రములు మన ముంగిటికి వచ్చుచున్నను వానిని చూచు కన్ను మాత్రము మనకింకను అలవడలేదు. ఆ కన్ను మన ఇందూరు, అనగా నిజామాబాదు సీమలో, దుబాయి ఉత్తరములకై ఎదురుచూచిన ఆర్మూరు, కమ్మర్‌పల్లి ఊళ్లయందును, చెరకు బండ్ల బారులను తరతరములుగ చూచిన బోధన్ వీథులయందును సిద్ధముగ నున్నదని నా దృఢవిశ్వాసము.

ఆ కన్నుతో చూడవలసినవి ముఖ్యముగ స్వతంత్ర చిత్రములు. పెద్ద సంస్థల పెట్టుబడికిని, పంపిణీదారుల షరతులకును లొంగక, దర్శకుడు తాను చెప్పదలచినది చెప్పుటకై తీసిన దానిని స్వతంత్ర చిత్రమందుము. ఆఫ్రికాలో ఆ స్వాతంత్ర్యము పోరాడి సాధించుకొన్నది. ఫ్రెంచివారి వలసలయందు అధికారుల అనుమతి లేనిదే ఎవ్వరును చిత్రము తీయరాదని 1934లో లవాల్ శాసనము కట్టడి చేసెను. అందువలన ఆ జనులు చిరకాలము తమ ముఖములను పరుల కెమెరాలలోనే చూచుకొనవలసివచ్చెను. మార్సే రేవులో మూటలు మోసి, పిదప నవలలు వ్రాసిన సెనెగల్ దేశీయుడు ఉస్మాన్ సెంబేన్, తన ఫ్రెంచి నవలలను తన ప్రజలు చదువజాలరని గ్రహించి, నడివయసున మాస్కోకు పోయి చలనచిత్రకళ నభ్యసించి, 1963లో ఒక బండివాని దినచర్యను ‘బోరోం సారెత్’ అను లఘుచిత్రముగ తీసెను. 1969లో వాగడూగూ నగరమున ఆఫ్రికా చిత్రములకై ఫెస్పాకో అను ఉత్సవమే వెలసినది.

సెంబేన్ 1968లో ప్రజల వొలోఫ్ భాషయందు తీసిన ‘మండాబి’ని చూడుడు. డాకర్ నగరమున పనిలేక, ఇద్దరు భార్యలతోను ఏడుగురు బిడ్డలతోను కాలము వెళ్లబుచ్చుచున్న ఇబ్రహీమా జెంగ్ పేర, పారిస్ వీథులూడ్చు మేనల్లుని యొద్దనుండి 25,000 ఫ్రాంకుల మనియార్డరు వచ్చును. అందు 20,000 దాచి యుంచవలసినవి, 3,000 పంపినవాని తల్లివి, ఆయనకు దక్కునవి 2,000 మాత్రమే. సొమ్ము చేతికందక మునుపే వాడయంతయు గుప్పుమనును. అంగడివాడు అరువిచ్చును, ఇరుగుపొరుగులు చేబదులునకై గుమ్మము తొక్కుదురు. తపాలా కచేరీలో గుర్తింపు కార్డడుగుదురు. కార్డునకు జనన పత్రము కావలెను. పుట్టిన తేదీ ఆయనకే తెలియదు. ఆరంభమున చెట్టు నీడను మంగలిచే క్షౌరము చేయించుకొని, విశాలమైన అంగీ గాలికి రెపరెపలాడగా దొరవలె నడచిన ఆ మనుష్యుడే, కచేరీల చుట్టు తిరిగి తిరిగి, ఫొటో తీయువాని కొట్టుకడ తన్నులు తిని, ముక్కున నెత్తురు కారుచు ఇల్లు చేరును. ‘కథ కదలలేదు’ అను విమర్శకుడు ఆ నడకలోని మార్పును గమనింపలేదన్నమాట. ఏజెంటు చేతిలో పాస్‌పోర్టు పెట్టి నెలలతరబడి తిరిగిన ఇందూరు మనుష్యునకు ఆ నడక వేగము విసుగు పుట్టింపదు. కచేరీలో కాలమెట్లు నడచునో అతడెరుగును. అయినను చివర పోస్టుమాను నోట దేశమును మార్చెదమను మాటలు పలికించుటలో పాత్ర వెనుకబడి దర్శకుడు ముందునకు వచ్చెననుట దాచవలసిన దోషము కాదు.

చెరకు సంగతికి వత్తము. మార్టినీక్ ద్వీపమున పుట్టిన యూజాన్ పాల్సీ 1983లో తీసిన ‘రూ కాజ్ నేగ్ర్’, ఆఫ్రికానుండి బానిసలుగ కొనిపోబడినవారి సంతతి కథ. వెనీసు ఉత్సవమున వెండి సింహము నందినది. 1930ల నాటి చెరకు తోటలో కూలి చేయు అవ్వ, తన మనుమని చేతికి కొడవలి రానీయక బడికి పంపును. కూలి పంచు దినమున తప్పులెన్ని డబ్బు కోయు మేస్త్రీని, కోతకు వచ్చిన ముఠాల బిడ్డలు బడికి దూరమగుటను ఎరిగిన బోధన్ ప్రేక్షకుడు, ఆ ద్వీపమెక్కడనో తెలియకున్నను, అవ్వ పట్టుదలకు విలువ కట్టగలడు.

అబ్దెర్రహ్మాన్ సిస్సాకో 2006లో తీసిన ‘బమాకో’ మరింత దగ్గరి చుట్టము. మాలి రాజధానిలో, దర్శకుని తండ్రి ఇంటి ముంగిటనే న్యాయస్థానము కూడును. అప్పులతోను, ప్రైవేటీకరణతోను తమ బ్రతుకులను కూల్చిరని వాదించు ఆఫ్రికా సమాజము వాది, ప్రపంచ బ్యాంకును అంతర్జాతీయ ద్రవ్యనిధియు ప్రతివాదులు. న్యాయవాదులు నిజమైన న్యాయవాదులే. ఒకవైపు వాదన సాగుచుండగా, మరొకవైపు స్త్రీలు బట్టలకు రంగులద్దుచుందురు, పెండ్లివారు నడుమనుండి సాగిపోవుదురు. సాక్ష్యమీయ వచ్చిన ఒక ఉపాధ్యాయుడు పేరు చెప్పి, పిదప మాట పెగలక మరలిపోవును. ఒక ముసలి రైతు తన గోడును పాటగ ఎలుగెత్తి పాడును. ఆ పాటకు దర్శకుడు తెరపై అనువాదమే వేయలేదు. న్యాయవాదుల సుదీర్ఘ ప్రసంగములు ఒక్కొక్కచో చిత్రమును సభగ మార్చివేసినవనుట నిజమే. అయినను ఆ పాట ముందు ఆ ప్రసంగములన్నియు వెలవెలబోవుట చిత్రమునకే జయము. నిజాంసాగరు నీటి బలిమిచే 1937లో వెలసి, ఒకనాడు ఆసియాలోనే పెద్దదిగ పేరొంది, 2002లో ప్రైవేటుపరమై, 2015 డిసెంబరులో మూతపడిన బోధన్ షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ సైరను విని పెరిగినవారికి, ఆ ముంగిటి విచారణ పరాయి దేశపు గొడవగ తోచునా?

అట్లని మన కష్టమును పోలినదానినెల్ల మెచ్చుట విమర్శ కాదు. జాలి గొప్ప ప్రమాదము. అది చిత్రమును శిల్పముగ గాక దానపాత్రగ చూపును. సెంబేన్ 1966 నాటి ‘లా నోఆర్ దె...’ను, బి. నర్సింగరావు 1988 నాటి ‘దాసి’ని పక్కపక్కన నిలుపుడు. ఫ్రాన్సున దొరసాని ఇంట ఎత్తుమడమల చెప్పులతోనే నేల తుడుచు జువానా మనస్సులోని మాట మనకు వినబడును. గడిలోని కమలాక్షికి ఆ లోపలి గొంతు సైతము లేదు, ఉన్నదంతయు నటి అర్చన ముఖమే. రెండింటిలో ఏ మౌనము బరువైనదో, ఎందువలననో తర్కించుటయే విమర్శ. ఆ తర్కమునకు మనవారి చిత్రమును వారి చిత్రమును ఒకే తూనికరాళ్లతో తూచు నిజాయితీ కావలెను.

కనుక డిచ్‌పల్లి తెలంగాణ విశ్వవిద్యాలయముననో, బోధన్ కళాశాలలోనో ఒక చిత్రసమాజము నెలకొల్పి, ఈ చిత్రములను తెలుగు వ్యాఖ్యతో ప్రదర్శించి, పిదప గల్ఫునుండి మరలిన కార్మికునకును, చెరకు రైతునకును, ఫ్యాక్టరీలో పనిచేసి విశ్రమించిన పెద్దకును ముందుగ మాటాడు అవకాశమీయవలెను. ఉత్సవ పురస్కారములు చిత్రమును మన ఊరిదాక తేగలవు గాని, దాని మంచిచెడ్డలను తేల్చు పని మాత్రము ఆ బ్రతుకు నెరిగిన ప్రేక్షకులదే. ఆ పని వారికప్పగింపక, పండితులమగు మనము పెదవి విరచి ఊరకుండుట ఆ చిత్రములకును, ఆ ప్రేక్షకులకును చేయు అన్యాయము.