మెన్నొనైటు ఆరాధన: గోల్డ్ ఫీల్డ్స్ వారి అపోహలు, వాస్తవములు

కోలారు బంగారు గనులు జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ యాజమాన్యమున నడచిన కాలమున, ఉరిగాము, ఛాంపియన్ రీఫ్ పరిసరములలో ఆదివారమునాడు దొరలును దొరసానులును బండ్లు దిగి చర్చిలోనికి పోవుచుండగా దూరమున నిలిచి చూచిన తరమువారికి, తెల్లవారి మతమనగా ఏలినవారి మతమేయను తలంపు నాటుకొని, అది వారి సంతతికిని సంక్రమించినది. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిమ్మట ఆ కుటుంబముల బిడ్డలు కొందఱు బెంగుళూరునకును, అటనుండి అమెరికా, హాలండు దేశములకును ఉద్యోగార్థులై తరలినారు. వారిని చూడబోయిన తలిదండ్రులు అచ్చటి పురాతన మెన్నొనైటు మందిరములను దర్శించి వచ్చి, అదియు మన దొరల చర్చి వంటిదేయని చెప్పుట వినుచున్నాను. ఇంతకంటె సత్యదూరమైన మాట లేదు.

మెన్నొనైటులు తొలినాళ్ల నుండియు రాజ్యములు వెంటాడిన జనము. 1525 జనవరి 21న జ్యూరిక్ నగరమున కొందఱు, పసిబిడ్డలకిచ్చు బాప్తిస్మము చెల్లదనియు, తెలిసి విశ్వసించినవారికే అది తగుననియు నిశ్చయించి, తమలో తాము మరల బాప్తిస్మము పొందిరి. రెండేండ్లు తిరుగకముందే వారిలో ఫెలిక్స్ మాంజు అనువానిని నగరపాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపించిరి. మెన్నో సైమన్సు ఈ మార్గమునకు స్థాపకుడనుటయు సరికాదు. ఫ్రీస్లాండున కతోలిక గురువుగా నుండిన ఆయన 1536లో వీరిలో చేరి, చెదరినవారిని కూర్చి, తన పేరును వారికి మిగిల్చినాడు.

ఆయుధము పట్టమను వీరి వ్రతమును పిఱికితనముగా నెంచువారు, వీరిలో ఒకడైన డిర్క్ విల్లెమ్స్ కథను వినవలెను. 1569లో ఆస్పరెన్ అను డచ్చి పట్టణమున, చెఱనుండి గుడ్డలు ముడివేసి దిగి, గడ్డకట్టిన నీటిమీదుగా అతడు పాఱిపోవుచుండగా, చెఱసాలకూటితో చిక్కిన అతని దేహమును మోసిన మంచు, తఱుముకొనివచ్చిన భటుని క్రింద పగిలినది. డిర్కు వెనుదిరిగెను, మునుగుచున్నవానికి చేయి అందిచ్చి గట్టునకు లాగెను, పట్టుబడి సజీవదహనము పాలయ్యెను. పిఱికివాడు అట్లు వెనుదిరుగునా?

చారిత్రకమైన చర్చియనగా శిఖరమును, గంటయు ఉండునని యెదురుచూచువాడు ఆమ్‌స్టర్‌డామున సింగెల్ కాలువగట్టు పొడవున తిరిగియు మెన్నొనైటు మందిరమును కనుగొనజాలడు. 1608 నాటి ఆ మందిరము ఇండ్ల వరుస వెనుక దాగియున్నది. దాని వాకిలి ఇంటి తలుపువలెనే యుండును. ఆనాటి ప్రభుత్వము వారిని సహించినదే కాని, వారి మందిరము వీథికి మందిరముగా కనబడుటకు సమ్మతింపలేదు. నేటికిని అందు ఆరాధన జరుగుచున్నది. ఫిలడెల్ఫియా నగరపు జర్మన్‌టౌనున మాత్రము, 1770లో రాతితో కట్టిన చిన్న మందిరము స్మారకముగా నిలిచియుండగా, సంఘము సమీపమున వేఱొకచోట కూడుచున్నది. ఆ జర్మన్‌టౌనుననే బానిసత్వమును ఖండించిన 1688 నాటి విజ్ఞప్తిని వీరి ఘనతగా చెప్పుట వాడుక. కాని సంతకము చేసిన నలుగురును నాటికి క్వేకరు సభకు చెందినవారే, అందు కొందఱు మెన్నొనైటు కుటుంబములలో పుట్టినవారు.

మెన్నొనైటులనగానే పలువురికి తలపునకు వచ్చు గుఱ్ఱపుబండ్లు, నల్లటోపీలు ప్రధానముగా 1693లో యాకోబ్ అమ్మాన్ వెంట వేఱుపడిన ఆమిష్ వారివి. మెన్నొనైటులలో కొన్ని పాతశాఖలు మాత్రమే వానిని పాటించును.

అన్నింటికంటె నన్ను బాధించునది, తెలుగువారికి వీరితో సంబంధమేమను ప్రశ్న. కోలారులో ఇ.టి.సి.ఎం. ఆసుపత్రి మూలమున మెథడిస్టులను ఎఱుగుదుము కాని, మెన్నొనైటులను ఎఱుగము. పాలమూరు, అనగా మహబూబ్‌నగరము ప్రాంతమునకు పోయి చూడుడు. రష్యాదేశపు మెన్నొనైటులైన అబ్రహాం, మరియా ఫ్రీసెన్ దంపతులు 1889లో బాప్టిస్టు మిషను పక్షమున వచ్చి నల్గొండలో పనిచేసిరి. 1899లో అమెరికానుండి మెన్నొనైటు బ్రదరన్ శాఖ పక్షమున హీబర్టు దంపతులు వచ్చిరి. నాగర్‌కర్నూలు, దేవరకొండ, వనపర్తి, గద్వాల, మహబూబ్‌నగరము క్రమముగా కేంద్రములైనవి. జడ్చర్లలో ఆసుపత్రి వెలసినది. చేరినవారు దొరలు కారు. నిజాము రాజ్యమున సెంటుభూమి లేక కూలిచేసికొని బ్రతికిన కుటుంబములే అధికము. నేడు ఆ మెన్నొనైటు బ్రదరన్ సంఘమున లక్షకు మించిన సభ్యులున్నారు; ప్రపంచమందలి మెన్నొనైటు సంఘములలో మిక్కిలి పెద్దవానిలో అది యొకటి.

ఆరాధనలో తేడాలు కలవు. మన పల్లె మందిరములలో చెప్పులు వాకిట విడిచి, స్త్రీలు కొంగు తలపై కప్పుకొని ఒకప్రక్కను, పురుషులు వేఱొకప్రక్కను కూర్చుండగా, హార్మోనియము, తబలాలతో కీర్తన సాగును. అమెరికాలో కుటుంబమంతయు ఒకే బల్లపై కూర్చుండును. వాద్యము లేకుండ నాలుగు స్వరములలో పాడు సంప్రదాయము అనేక సంఘములలో నిలిచియున్నది. అంతమాత్రమున మెన్నొనైటులు వాద్యమే ముట్టరనరాదు. సింగెల్ మందిరమున ఆర్గను మ్రోగును.

అన్యులకు ప్రవేశము లేదను భయము వలదు. ఈ మందిరములలో అతిథికి స్వాగతమే లభించును. రొట్టె, ద్రాక్షరసములు పంచునపుడు ఊరక కూర్చుండుట మర్యాదకు లోటు కాదు. ప్రార్థనవేళ ఫోను తీసి ఫొటోలు తీయుట మాత్రము లోటే. గోల్డ్ ఫీల్డ్స్ నుండి విదేశమునకు పోవనున్న పెద్దలు, అంతకు ముందే యొక ఆదివారమునకు అందునట్లు బెంగుళూరులో హైదరాబాదు రైలెక్కి, మహబూబ్‌నగరమున దిగి, మన భాషలో జరుగు ఆరాధనయందు కూర్చుండి రావలెనని కోరుచున్నాను.